ఫేజుల సంఖ్య చూసి మదర్‌బోర్డు కొనవచ్చా?

ప్రశ్న: రైజెన్ 9 9950ఎక్స్ ప్రాసెసర్‌తో డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుంటున్నాను. పగలు బ్లెండర్ 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్, రాత్రి గేమింగ్. ఇంత పెద్ద ప్రాసెసర్‌కు బీ850 బోర్డు ఆగదని, 18 పవర్ ఫేజులు (ప్రాసెసర్‌కు వెళ్లే కరెంటును పంచుకునే విభాగాలు) ఉన్న ఎక్స్870ఇ తీసుకోమని ఒక షాపులో చెప్పారు. ధర దాదాపు రెట్టింపు. నిజంగా అవసరమా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు రాసిన పనులకు ఎక్స్870ఇ అవసరం లేదు. బీ850, ఎక్స్870ఇ అనేవి చిప్‌సెట్ (బోర్డులోని ఇతర భాగాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్) పేర్లు. ఆ పేరుకూ, ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎంకూ నేరుగా సంబంధం లేదు. వీఆర్‌ఎం ఎలా ఉండాలో బోర్డు తయారీదారు నిర్ణయిస్తాడు కాబట్టి, బీ850లోనే దిట్టమైనవీ నాసివీ రెండూ దొరుకుతాయి. ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసుకునే (నిర్ణీత వేగాన్ని మించి నడుపుకునే) వీలు కూడా బీ850లో ఉంది.

ఇక ఫేజుల లెక్క. మీ ప్రాసెసర్ టీడీపీ (కంపెనీ చెప్పే వేడి లెక్క) 170 వాట్లే అయినా, అది కూర్చునే ఏఎం5 సాకెట్ 230 వాట్ల వరకు అందించగలదు. నిరంతరాయంగా తీసుకునే కరెంటుకు పరిమితి 160 ఆంపియర్లు. ఉదాహరణకు 14 ఫేజులున్న బీ850 బోర్డులో దీన్ని పంచితే ఒక్కోదానికి వచ్చేది 12 ఆంపియర్ల లోపే. మధ్యస్థ ధర బోర్డుల్లో వాడే పవర్ స్టేజీలు (ఒక్కో ఫేజులో కరెంటును నడిపే చిప్‌లు) కూడా సాధారణంగా 50, 60 ఆంపియర్ల స్థాయివి. అంటే 14 ఉన్నా 18 ఉన్నా మీకు తేడా తెలియదు. తేడా తెలిసేది వేడి దగ్గర. కరెంటును ప్రాసెసర్‌కు తగిన వోల్టేజికి మార్చడంలో పదో వంతు వృథా అవుతుందనుకున్నా, 20 వాట్లకు పైగా వేడి ఆ చిన్న చోటే పుడుతుంది. ఇది మరమ్మతు షాపుల్లో కనిపించే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌కు దగ్గరి లెక్క. ఆ వేడిని బయటికి పంపే హీట్‌సింక్‌కు గాలి దూరే రెక్కలున్నాయా, లేక పైన ప్లాస్టిక్ తొడుగు వేసిన నున్నటి దిమ్మా అన్నది చూడండి.

దీనికి మన ఊరి సంగతి ఒకటి కలపాలి. విదేశీ సమీక్షలు చాలావరకు 20–22 డిగ్రీల గదుల్లో చేసినవి. మే నెలలో ఏసీ లేని హైదరాబాద్ గది 36 డిగ్రీలుంటే, సమీక్షలో చెప్పిన వీఆర్‌ఎం ఉష్ణోగ్రతకు మరో 15 డిగ్రీలు కలుపుకోవాలి. అక్కడ 65 వచ్చిన బోర్డు ఇక్కడ 80 దగ్గర నిశ్చింతగా పనిచేస్తుంది. అక్కడే 95 చూపించినదాన్ని గంటల తరబడి రెండరింగ్ చేసే మీరు వదిలేయడమే మంచిది. లిక్విడ్ కూలర్ పెట్టించుకుంటే, టవర్ కూలర్ ఫ్యాను నుంచి వీఆర్‌ఎంకు అందే గాలి ఉండదు కనుక, క్యాబినెట్ వెనుక ఫ్యాను తప్పనిసరి.

నేను బోర్డును ఎంచేటప్పుడు అందరికంటే ఎక్కువ సేపు చదివేది మాన్యువల్‌లో స్పెసిఫికేషన్ల పట్టిక కింద ఉండే చిన్న అక్షరాలను. ఏఎం5 ప్రాసెసర్ నుంచి వాడుకోగలిగిన పీసీఐఈ లేన్లు (డేటా నడిచే దారులు) 24: గ్రాఫిక్స్ కార్డుకు 16, మిగిలినవి నాలుగు చొప్పున రెండు జట్లు. ఎక్స్870, ఎక్స్870ఇ బోర్డుల్లో యూఎస్‌బీ4 (అతివేగ యూఎస్‌బీ పోర్టు) తప్పనిసరి; అది సాధారణంగా వీటిలో ఒక జట్టును తీసేసుకుంటుంది. అందుకే కొన్ని ఖరీదైన బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెట్టగానే గ్రాఫిక్స్ స్లాట్ 16 నుంచి 8 లేన్లకు పడిపోతుంది. యూఎస్‌బీ4 అవసరం లేనివారు ఎక్కువ డబ్బిచ్చి ఈ ఇరకాటాన్ని కొనుక్కోవడం ఎందుకో నాకు బోధపడదు.

మెమరీ విషయంలో నాలుగు స్లాట్లున్నాయి కదా అని నాలుగూ నింపకండి. మీ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు స్టిక్కులతో డీడీఆర్5–5600, నాలుగుతో 3600 మాత్రమే. రెండరింగ్‌కు 96 జీబీ కావాలంటే 48 జీబీవి రెండు తీసుకోండి.

బయోస్ (బోర్డును నడిపే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) నవీకరణలు ఎంత క్రమంగా వస్తున్నాయో కంపెనీ సైటులో చూడండి. 2023లో అధిక ఎస్ఓసీ వోల్టేజి (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు అందేది) వల్ల రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయినప్పుడు, ఆ వోల్టేజిని 1.3 వోల్టులకు పరిమితం చేసింది బయోస్ నవీకరణే. ప్రాసెసర్ లేకుండానే బయోస్‌ను నవీకరించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే మరీ మంచిది.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, డబ్బు కట్టే ముందు సాకెట్ మీది మూత తీయించి, ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టి 1718 పిన్నుల వరుసలను చూడండి. వంగిన పిన్ను మీద వెలుగు వేరుగా మెరుస్తుంది. ఆ ప్లాస్టిక్ మూతను పారేయకండి. అది లేదని ఒక సర్వీసు కేంద్రం నా బోర్డును తీసుకోకుండా వెనక్కి పంపింది.

ప్రశ్న: కొత్త ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ ఐదు నిమిషాలైనా తెర నల్లగానే ఉంది. బోర్డు పోయినట్టేనా?
– ఓ పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: తొందరపడకండి. డీడీఆర్5 మెమరీని బోర్డు మొదటిసారి పరీక్షించి సర్దుకోవడాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. స్టిక్కుల సామర్థ్యం ఎక్కువైతే దానికి చాలా నిమిషాలు పడుతుంది. బోర్డు మీద డీర్యామ్ (DRAM) అని రాసి ఉన్న లైటు వెలుగుతుంటే పని జరుగుతున్నట్టే, మధ్యలో కరెంటు ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. పావుగంట దాటినా అదే లైటు నిలిచి ఉంటే, ప్లగ్ తీసేసి ఒక్క స్టిక్కునే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో క్లిక్‌మనే దాకా నొక్కి, మళ్లీ ఆన్ చేయండి.