రాతిలోకి ఇంకే సీసియం గురించి రాస్తున్న తమ్ముడికి

బెంగళూరు

చిరంజీవి తమ్ముడికి,

అణు వ్యర్థాలను లోతు శిలలో పాతిపెడితే వాటిలోని సీసియం లాంటి మూలకాలు రాతిలోకి ఎలా ఇంకుతాయన్న నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. లాల్‌బాగ్ గుట్టతో మొదలుపెట్టడం బాగుంది. దాదాపు 300 కోట్ల ఏళ్ళనాటి నీస్ శిల (గ్రానైట్ లాంటి గట్టి చారల రాయి) ఊళ్ళోనే ఉండగా పాఠకుణ్ణి మొదటి వాక్యంలోనే అణు వ్యర్థాల కోసం సొరంగం తవ్విన ఫిన్లాండ్ దాకా నడిపించడం దేనికి? కానీ రెండో పేరాలోనే, ఇలాంటి శిల అణుధార్మిక మూలకాలను ఆపేస్తుందని తేల్చేశావు. ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఎంత ఆలస్యం, ఎందుకు అన్నదే వ్యాసమంతా.

ముందు దారి చూపించు. నీరు పారేది పగుళ్ళలో. పగులు గోడ వెనక, ఖనిజ రేణువుల అంచుల వెంట సన్నటి రంధ్రాల్లో కదలని నీరు ఉంటుంది. చెక్కుచెదరని గ్రానైట్‌లో ఆ రంధ్రాల వాటా సాధారణంగా ఒక శాతం లోపే. పగుల్లో గాఢత ఎక్కువ గనక అయాన్లు లోపలికి వ్యాపిస్తాయి. పగుల్లో నీరు మళ్ళీ శుభ్రపడితే వెనక్కీ వస్తాయి. నువ్వు వదిలేసిన సగం ఇదే.

తర్వాత పాఠకుడి కళ్ళముందే లెక్క చెయ్యి. ప్రభావ వ్యాపన గుణకం (రాతి రంధ్రాల గుండా పదార్థం ఎంత సులువుగా వ్యాపిస్తుందో చెప్పే అంకె) సెకనుకు 10⁻¹³ చదరపు మీటర్లు, రంధ్రాల వాటా 0.005 అనుకో. రాతికి అంటుకోని పదార్థమైతే మొదటిదాన్ని రెండోదానితో భాగించు: 2×10⁻¹¹. వందేళ్ళంటే 3.15×10⁹ సెకన్లు. రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే సుమారు 25 సెంటీమీటర్లు. సీసియానికి కేడీ విలువ (నీటిలో ఉన్నదానితో పోలిస్తే రాతికి ఎంత అంటుకుంటుందో చెప్పే నిష్పత్తి) కిలోకు 0.01 ఘనపు మీటర్లు, రాతి సాంద్రత ఘనపు మీటరుకు 2700 కిలోలు తీసుకుంటే, రెంటి లబ్ధం 27; భాజకంలో 0.005కి 27 కలుస్తుంది. దూరం మూడున్నర మిల్లీమీటర్లకు పడిపోతుంది. సీసియం-137 అర్ధాయువు 30 ఏళ్ళని ఇక్కడే చెప్పు. ఈ ఆలస్యం దేనికి పనికొస్తుందో వేరే వివరించక్కర్లేదు.

అయితే కేడీని రాతి సొంత గుణంలా రాయకు. సీసియం ముఖ్యంగా నల్ల అభ్రకం, అంటే బయొటైట్ మీద చోటు వెతుక్కుంటుంది. నీటిలో పొటాషియం పెరిగితే ఆ చోటుకి పోటీ వస్తుంది, కేడీ తగ్గుతుంది. ఉప్పునీటిలో స్ట్రాన్షియం రాతికి అంటుకోవడం ఇంకా తగ్గిపోతుంది. టెక్నీషియం మరీ విచిత్రం: ఆక్సిజన్ ఉన్న నీటిలో దాదాపు దేనికీ అంటుకోదు, ఆక్సిజన్ లేని లోతు నీటిలో క్షయకరణం చెంది (ఎలక్ట్రాన్లు పొంది) అసలు కరగడమే తగ్గుతుంది. నీటి సంగతి రాయకుండా కేడీ అంకె వేస్తే అది ఉత్త అలంకారం.

ప్రయోగం దగ్గర బద్ధకించావు. కేడీ కొలవడానికి సీసియం కలిపిన నీటి సీసాలో వెయ్యాలని రాతిని పొడి చేస్తే కొత్త ఉపరితలాలు పుడతాయి, కేడీ ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే వేర్వేరు రేణు పరిమాణాలతో పోల్చాలి. రాయి వెయ్యని సీసా కూడా ఒకటి పెట్టాలి, లేకపోతే సీసా గోడకంటిన సీసియం రాతి ఖాతాలో పడుతుంది. పలుచటి రాతి బిళ్ళ గుండా పదార్థం ఎంత వేగంగా దాటుతుందో కొలిచే బిళ్ళ ప్రయోగంలో రాతిని శూన్యంలో పెట్టి నీటితో పూర్తిగా నింపాకే ఒకవైపు ట్రేసర్ (జాడ పట్టుకోగల పదార్థం) పొయ్యాలి. అంచు సీలు కారితే ట్రేసర్ అవతలికి అనుమానాస్పదంగా తొందరగా చేరుతుంది. బిళ్ళ మందం రేణువంతే ఉంటే ఒకే రేణువు అంచు వెంట ఈ కొసనుంచి ఆ కొసకు దారి దొరికి, గుణకం ఉబ్బుతుంది. లోతునుంచి తవ్వి తీసిన రాతి కడ్డీ (కోర్) పైన ఒత్తిడి పోగానే రంధ్రాలు తెరుచుకుంటాయి. స్వీడన్‌లో ఎస్పో, స్విట్జర్లాండ్‌లో గ్రిమ్సెల్ సొరంగాల్లో రాతిని దాని చోటనే పరీక్షించడానికి అదొక కారణం. (లాల్‌బాగ్ గుట్టమీద మాత్రం సుత్తి వెయ్యకు. అది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. పైగా ఎండావానలకు మారిన పైపొర లోతు రాతికి ప్రతినిధి కాదు.)

క్లోరైడ్ అంటుకోదు గనక నీటిలాగే పోతుందన్న వాక్యం కొట్టెయ్యి. ఖనిజాల ఉపరితలం చాలావరకు రుణావేశంతో ఉండి, సన్నటి రంధ్రాల్లోకి దాన్ని సరిగా రానివ్వదు. ట్రిటియం నీటి (రేడియోధార్మిక హైడ్రోజన్‌తో గుర్తుపట్టే నీటి) అంకె పక్కన క్లోరైడ్ అంకె పెట్టి ఆ పేరా మళ్ళీ రాసి పంపు.

ఇట్లు,
అన్నయ్య