గుట్ట మీద నెమళ్లు, తాబేళ్లు ఉంటే వెంచర్ ఆపించొచ్చా?

మీ ఇంటి వెనక గుట్టను వెంచర్ వాళ్లు జేసీబీతో చదును చేస్తున్నారని, అక్కడ నెమళ్లు, ఉడుములు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయని, వన్యప్రాణి చట్టం కింద ఆపించే దారి ఉందా అని అడిగారు. దారి ఉంది, కానీ మీరు వెతుకుతున్న చోట లేదు. నేనూ మొదట అక్కడే వెతికి నాలుగు వారాలు పోగొట్టుకున్నాను, అందుకే రాస్తున్నా.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా శెనక్కాయల చేనుకు ఆనుకుని చిన్న గుట్ట, దాని కింద వంక (చిన్న వాగు). వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళితే కలే పొదల కిందనుంచి నక్షత్ర తాబేళ్లు బయటికొచ్చేవి. డిప్ప మీది పసుపు గీతలకు ఎర్రమట్టి అంటుకుని ఉంటే రాయే అనుకుని కాలు పెట్టబోయి ఆగిన రోజులు నాకే చాలా ఉన్నాయి. నెమళ్లంటే మాత్రం మా నాయనకు మంట, విత్తిన విత్తనం విత్తినట్టే ఏరుకుని తినేసేవి. అంటే మేమేదో జంతుప్రేమికులం అనుకోకండి.

గుట్ట పక్క పొలం ఎవరో కొన్నారు, నెల తిరిగేసరికి రంగు రాళ్లు, జెండాలు, రెండు జేసీబీలు దిగాయి. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేశా. ఇద్దరు వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, వెతికితే మూడు తాబేళ్లు దొరికాయి, గోనె సంచిలో వేసుకుని అడవిలో వదులుతామని తీసుకెళ్లారు. మర్నాడు ఎనిమిదింటికల్లా జేసీబీ మళ్లీ స్టార్ట్. "తాబేళ్లు పోయాయి కదన్నా, ఇంకేం అబ్జెక్షన్?" అని వెంచర్ మేనేజర్ నన్నే అడిగాడు. నా ఫిర్యాదుతో వాళ్ల పనే సులువైంది!

ఎందుకిలా అంటే, 1972 వన్యప్రాణి చట్టంలో జంతువుకు రక్షణ గట్టిగానే ఉంది. నెమలి, ఉడుము, నక్షత్ర తాబేలు, దేవాంగ పిల్లి అన్నీ ఎక్కువ రక్షణ ఉండే జాబితా, అంటే ఒకటో షెడ్యూల్‌లోవే, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు, జరిమానా 2022 సవరణ తర్వాత కనీసం 25 వేలు. చంపడమే కాదు, పట్టుకోవడం, తరమడం, పక్షులవీ సరీసృపాలవీ గుడ్లు పాడుచేయడం, గూళ్లు కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి. కానీ జంతువు ఉండే చోటును పాడుచేయకూడదు అన్న మాట అభయారణ్యాలకు 29వ సెక్షన్లో, నేషనల్ పార్కులకు 35లో ఉంది, అంటే ఆ హద్దుల లోపలి సంగతి. శేషాచలంలో శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కులోనో, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యంలోనో పొదలు దోసేస్తే కేసు. బయట పట్టా భూమిలో అదే తాబేలు, అదే పొద, కానీ పొద పీకినవాణ్ని ఈ చట్టం ఏమీ అనదు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం, కానీ ఉన్నదిది.

ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ లేదు కదా అని కొందరు సలహా ఇస్తారు. లేఔట్లకు అది 50 హెక్టార్ల నుంచి మొదలు. మన దగ్గర పదెకరాలు, ఇరవై ఎకరాల్లో ప్లాట్లు వేసి అమ్మేవాళ్లకు అది తగలదు.

మాకు దారి చూపింది తలారిగా చేసి రిటైరైన మా చిన్నాయన. "తాబేళ్ల సంగతి తర్వాత, ముందు ఆ గుట్ట ఏ సర్వే నంబర్లో ఉందో చూడరా" అన్నాడు. అడంగల్ (భూమి రికార్డు), ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం) తీయించి, చేలో నిలబడి టేపు పట్టుకుని కొలిచాం. వాళ్లు కొన్న పట్టా గుట్ట అడుగు దగ్గరే అయిపోయింది. పైనంతా వేరే నంబరు, గుట్ట పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి. కిందిది వంక పోరంబోకు, దాని మీదే వాళ్ల కాంపౌండ్ గోడకు పునాది తీస్తున్నారు. ఆ రెండు నంబర్లూ 22ఏ నిషేధిత భూముల జాబితాలో ఉన్నాయి, అంటే రిజిస్ట్రేషనే కాదు. ఫోటోలు, స్కెచ్ పెట్టి తహసీల్దారుకు, లేఔట్ అప్రూవల్ ఇచ్చేచోట అర్జీలు ఇచ్చాం. ఒక ఆఫీసులో మా అర్జీ రెండుసార్లు "కనపడలేదు", మూడోసారి రసీదు తీసుకున్నాం (మీరు మొదటిసారే తీసుకోండి). సర్వేయర్ వచ్చి రాళ్లు పాతాక వాళ్లు వెనక్కి జరిగారు. అప్పటికే తూర్పు వైపు సగం గుట్ట గ్రావెల్ అయిపోయింది, అది తిరిగి రాలేదు.

మీ గుట్ట మొత్తం పట్టానే అని తేలితే కష్టమే, ఆశ పెట్టను. అయినా కొన్ని చూడండి. రికార్డులో ఎక్కడైనా అడవి అని రాసుంటే, యజమాని ఎవరైనా సరే, సుప్రీంకోర్టు 1996 తీర్పు ప్రకారం అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుంది. 2023 సవరణ తర్వాత కూడా ప్రస్తుతానికి అదే పద్ధతి పాటించమని 2024 ఫిబ్రవరిలో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చెట్లు కొడుతుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) పర్మిషన్, మట్టి లారీల్లో బయటికి పోతుంటే గనుల శాఖ పర్మిట్ అడగండి. గూళ్లు, గుడ్లు కనిపిస్తే తేదీ, లొకేషన్ వచ్చేలా ఫోటో తీసి డీఎఫ్ఓకు (అటవీ శాఖ అధికారికి) రాతపూర్వకంగా ఇవ్వండి, ఫోన్ చేసి ఊరుకోవద్దు. వాళ్లు కదలకపోతే వన్యప్రాణి చట్టం 55వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి మీరే నేరుగా కోర్టుకు ఫిర్యాదు చేయొచ్చు, కానీ అరవై రోజుల్లో జేసీబీ ఎంత పని చేస్తుందో మీకు తెలుసు.

ఇంకోటి, కాపాడదామని తాబేలును ఇంటికి తెచ్చి తొట్టిలో పెట్టకండి. మా వీధిలో ఒకాయన అలాగే తెచ్చాడు, కలిసొస్తుందని కూడా అనుకున్నాడు, చివరికి కేసు ఆయన మీద పడబోయింది.

ముందు అడంగల్‌లో ఆ నంబరు ఎదురుగా ఏం రాసుందో చూసి, పట్టానా, డీకేటీనా (ప్రభుత్వం పంచిన భూమి), పోరంబోకా అన్నది ఇక్కడే రాయండి. దాన్నిబట్టి అర్జీ ఎలా రాయాలో చెప్తా.