అంచు తెగిన రూపాయికి రెండు లక్షలా?

ప్రశ్న: మా నాన్నగారు దాచిన నాణేల డబ్బా నాకు వచ్చింది. అందులో అంచు నెలవంకలా తెగిన స్టీలు రూపాయి, సంవత్సరం కింద నక్షత్రం ఉన్న నాణేలు కొన్ని, 1911 నాటి వెండి రూపాయి ఉన్నాయి. ఫొటోలు చూసి ఒకాయన, తెగిన రూపాయికి 2 లక్షలు ఇస్తానని, ముందు రిజిస్ట్రేషన్‌కు 15 వేలు కట్టమని అంటున్నాడు. అమ్మాయి చదువుకు వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయవచ్చా? - ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ఆ డిపాజిట్ ముట్టుకోకండి. ఒక్క రూపాయి కూడా కట్టకండి. సరుకు అమ్మేవారే ఎదురు డబ్బు కట్టే బేరం ఎక్కడా ఉండదు. తమ పేరు చెప్పి పాత నాణేల బేరాలకు రుసుము, కమిషన్, పన్ను అడిగేవారిని నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఈరోజే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ నాణేల సంగతి. నక్షత్రం లోపం కాదు, అది మన హైదరాబాద్ టంకశాల గుర్తు. వజ్రం ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. గుర్తు ఉన్నంత మాత్రాన ధర రాదు.

తెగిన రూపాయి నిజమైన లోపమే కావచ్చు. లోహపు రేకు నుంచి బిళ్ళలు కత్తిరించేటప్పుడు, రేకు సరిగా ముందుకు జరగకపోతే పాత రంధ్రం మీదే మళ్ళీ కోత పడుతుంది. అప్పుడు వచ్చిన బిళ్ళకు నెలవంక ఆకారంలో లోటు మిగులుతుంది. తర్వాత ఎవరైనా కోశారేమో తెలుసుకోవాలంటే, తెగిన చోటుకు సరిగ్గా ఎదుటి అంచు చూడండి. టంకశాలలోనే తెగిన నాణేనికి సాధారణంగా అక్కడ అంచు చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే గట్టు పలచబడి, చదునుగా ఉంటుంది. గట్టు నిండుగా ఉండి, కోత పదునుగా కనిపిస్తే అనుమానించాలి. తూకం ఇక్కడ సాయపడదు, ఎలా తెగినా బరువు తగ్గుతుంది కదా. నిజమైనదే అని తేలినా 2 లక్షల మాట నమ్మకండి. ఇలాంటి వాటిని కోరేవారు మన దగ్గర తక్కువ. వేలంలో కనీసం ఇద్దరు పోటీపడితేనే ధర కదులుతుంది.

నా దృష్టిలో మీ డబ్బాలో విలువైనది 1911 రూపాయి. తెగిన రూపాయిలో తప్పు ఆ ఒక్క నాణేనిది. ఇక్కడ తేడా అచ్చుది, అందువల్ల ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నిటికీ వచ్చింది. నాణెం మీది ఐదో జార్జి రాజు బొమ్మలో, ఆయన దుస్తుల మీది ఏనుగుకు తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించింది. జనం అభ్యంతరం చెప్పడంతో చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు. 1912లో తొండం సరిదిద్దిన కొత్త అచ్చు వచ్చింది. అందుకే సేకర్తలు 1911ను ప్రత్యేకంగా అడుగుతారు. నకళ్ళూ ఉన్నాయి కాబట్టి ముందు తూకం వేయించండి. 11.66 గ్రాములకు దగ్గరగా ఉండాలి, అరుగుదల వల్ల కొంచెం తగ్గవచ్చు. అందులో వెండి 91.7 శాతం, అంటే సుమారు 10.7 గ్రాములు. ఆ వెండి ధర మీకు కనీస ధర. అంతకన్నా ఎంత పైకి పోతుందో నాణెం అరుగుదలను బట్టి ఉంటుంది. కనీసం ఇద్దరు వ్యాపారులకు, వీలైతే నాణేల ప్రదర్శనలో, చేతికిచ్చి చూపించండి. ఫొటో చూసి చెప్పిన ధర లెక్కలోకి రాదు. నూరేళ్ళు దాటిన నాణెం కాబట్టి, 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం విదేశాల్లో ఉన్న బంధువులకు పంపడం కుదరదు.

ఈ డబ్బాను అమ్మాయి చదువు లెక్కలో కలపకండి. ఏదైనా అమ్ముడైతే ఆ సొమ్మును అదే డిపాజిట్‌కు జత చేయండి. ఇంకొక్క మాట: చూపించేముందు మెరుపు కోసం వెండి రూపాయిని చింతపండుతో తోమకండి. పాతబడిన ఆ నల్లని పొర పోతే సేకర్తలు ధర బాగా తగ్గిస్తారు.