ఎర్ర బస్సుకు ముందు చక్రాలు

చిరంజీవి నానికి పెదనాన్న దీవెనలు.

ఇంట్లో దొరికే సామాన్లతో పాత ఆర్టీసీ ఎర్ర బస్సు చేస్తున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచీ నా చేతులూ ఊరుకోవడం లేదు. మీ నాన్న నవ్వాడట కదా. నవ్వనీ, చిన్నప్పుడు అగ్గిపెట్టెల రైలు కోసం నాతో కొట్లాడింది వాడే.

నువ్వు పంపిన ఫొటో చూశాను. అట్ట కోసేశావు, కిటికీలు గీసేశావు. చక్రాలేవిరా అంటే తర్వాత చూస్తానన్నావు. అక్కడే ఆగు. బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఇన్నేళ్లు పనిచేశాను, చక్రాలు లేకుండా బాడీ లేపడం ఏనాడూ చూడలేదు. ముక్కూ మొహం లేని లేలాండ్ చాసిస్‌ను, అంటే ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న ఉత్త చట్రాన్ని, డ్రైవరు ఎండలో కూర్చుని నడుపుకుంటూ తెచ్చేవాడు. మా పని ఆ తర్వాతే మొదలయ్యేది. అంత తెలిసీ, రిటైరైన కొత్తలో నేనూ నీలాగే చేశాను. నెల రోజులు కూర్చుని బాడీ చేశాక దానికి సరిపోయే చక్రం ఊరంతా వెతికినా దొరకలేదు. చివరికి దగ్గుమందు సీసా మూతలు పెడితే ఏనుగుకు మేక కాళ్లు అతికించినట్టుంది. అది ఇంకా అటక మీదే ఉంది.

అందుకని స్కేలు, అంటే బొమ్మ అసలు బస్సుకంటే ఎన్ని రెట్లు చిన్నదిగా ఉండాలో, నువ్వు నిర్ణయించకు, మూతను నిర్ణయించనీ. మంచినీళ్ల సీసా మూత కొలిచి చూడు, అడ్డంగా 3 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అసలు బస్సు టైరు ఎత్తు మీటరు పైచిలుకు. అంటే 34 రెట్లు అనుకో. ఇక బస్సులో ఏ కొలతనైనా 34తో భాగించు. రెండున్నర మీటర్ల వెడల్పు 74 మిల్లీమీటర్లకు వస్తుంది, పదిన్నర మీటర్ల పొడవు 31 సెంటీమీటర్లకు.

టైరు మందం సుమారు పావు మీటరు, అంటే నీ బొమ్మలో 7, 8 మిల్లీమీటర్లు. మూత లోతు దాదాపు దానికి రెట్టింపు ఉంటుంది. ముందు చక్రాలకు మూత లోతు సగమయ్యేలా చుట్టూ కోసి, మూసి ఉన్న వైపు బయటికి పెట్టు. వెనక ఉండేవి జంట చక్రాలు కాబట్టి అక్కడ మూతను కోయకు. చుట్టూ నడిమధ్యలో ఒక గాడి గీసి, తెరిచిన వైపు బయటికి తిప్పు. వెనక చక్రం లోపలికి గుంటగా కనిపిస్తుంది కదా, అచ్చం అలాగే ఉంటుంది. ఇరుసుకు సైకిలు స్పోకు, అది తిరగడానికి జ్యూస్ డబ్బా స్ట్రా చాలు.

అట్టకు పాత శుభలేఖలను మించింది లేదు. కోసేముందు ఒక ముక్కను అటూ ఇటూ వంచి చూడు. ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకో వైపు మొండికేస్తుంది. టాపుకు కావలసిన వంపు ఆ తేలిగ్గా వంగే వైపు ఉండేలా కోయి. తిరగేశావంటే వంపు కోసం సీసా మీద ఎంత చుట్టినా మడతలు పడి విరుగుతుంది. మడత కావలసిన చోట ఇంకు అయిపోయిన పెన్నుతో గట్టిగా గీత లాగితే చాలు.

పక్క అట్టలు ఫ్లోరుకు బయటి నుంచి అతికిస్తావు కదా, ఆ రెండు అట్టల మందం ఫ్లోరు వెడల్పులోంచి తీసెయ్యి. ఇది మర్చిపోతే ముందు భాగం చిన్నదై పళ్లికిలిస్తుంది. లోపల రెండేసి కిటికీలకు ఒకటి చొప్పున నిలువు పట్టీలు పెట్టు. మేం పిల్లర్లు అనేవాళ్లం. అవి లేకపోతే వానాకాలం తేమకు అట్ట పొట్ట ఉబ్బుతుంది.

కిటికీ కమ్మీలకు దారానికి ఫెవికాల్ రాసి బిగించి కట్టు. హెడ్‌లైట్లకు బామ్మ మాత్రల ఖాళీ స్ట్రిప్పులోని బుడగ భేషుగ్గా పనికొస్తుంది, 5 మిల్లీమీటర్లది చూసుకో. అద్దాలకు చొక్కా డబ్బా మీది ప్లాస్టిక్ వాడు. దాన్ని మాత్రం ఫెవిక్విక్‌తో అతికించకు, ఆ ఆవిరికి తెల్లగా పొగ పట్టినట్టవుతుంది. టాపు కింద థర్మోకోల్ పెడదామనుకుంటే స్ప్రే రంగు తగలకుండా చూసుకో, తగిలిన చోటల్లా కరిగి గుంటలు పడుతుంది. నంబరు ప్లేటులో జెడ్ అక్షరం ఉండాలి, అది లేకపోతే ఆర్టీసీ బస్సు కాదు.

టాపు అతికించే ముందే లోపల సీట్లు, రంగు పూర్తి చెయ్యి. బయట ఎరుపు వేసే ముందు మాత్రం నాలుగు వైపులా ఫొటోలు తీసి నాకు పంపు. తెల్ల అట్ట మీద వంకరలు బాగా కనబడతాయి, అప్పుడైతే బ్లేడుతో సరిచేసుకోవచ్చు.

ఉంటాను,
మీ పెదనాన్న