పద్దెనిమిదో వరుసలో కూర్చుని రాయి

పళవంతాంగల్, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ హైజాక్ కథ రెండుసార్లు చదివాను. చెన్నైలో విమానం బాగానే లేచింది, రెండో పేజీలోనే కూలింది. దుండగుడు లేచి నిలబడగానే "అతని చేతిలో ఉన్నది బొమ్మ తుపాకీ" అని నువ్వే చెప్పేశావు. ఇక నాకు టెన్షన్ ఎందుకుంటుంది?

1978 డిసెంబర్ 20న లక్నో నుంచి ఢిల్లీ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఇద్దరు యువకులు వారణాసికి మళ్లించారు. ఇందిరాగాంధీని జైలు నుంచి వదలాలని డిమాండ్. వాళ్ల దగ్గరున్నవి బొమ్మ తుపాకులు, ఓ క్రికెట్ బంతి. 1980లో ఇద్దరూ కాంగ్రెస్ ఎమ్మెల్యేలయ్యారు కూడా! ఇప్పుడు మనకు నవ్వొస్తుంది. ఆ రాత్రి లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ బంతి నిజమైన బాంబు. 1971 జనవరిలో శ్రీనగర్ నుంచి జమ్మూకి బయల్దేరిన 'గంగ' అనే విమానాన్ని లాహోర్‌కి తీసుకెళ్లినవాళ్ల గ్రెనేడూ చెక్కదే. లోపలివాళ్లకు ఎలా తెలుస్తుంది?

నీ పైలట్ రేడియోలో "హైజాక్! హైజాక్!" అని అరుస్తాడు. నిజానికి విమానం నుంచి కిందికి సంకేతాలు పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7500 అని పెడితే చాలు, కింద విమానాల రాకపోకలు చూసే ఏటీసీ వాళ్లకు తెలిసిపోతుంది. బాగుంది కదా? అయినా ఇదీ కథలో పెట్టకు. నీ కథ చెప్పే పిల్ల కూర్చుంది పద్దెనిమిదో వరుసలో. ఆమెకు కాక్‌పిట్ తలుపు కూడా సరిగ్గా కనబడదు. విమానం ఒరిగింది, ఈ కిటికీలో పడే ఎండ ఆ కిటికీలోకి మారింది, కాఫీ ట్రాలీ సగంలో ఆగిపోయింది. ఆమెకు తెలిసేది అంతే.

నేనేం తక్కువ తినలేదులే. నా మొదటి విమానం కథలో ఒకావిడ గాలాడటం లేదని కిటికీ అద్దం పైకి జరిపింది. అప్పటికి నేనెక్కింది ఎర్రబస్సు ఒక్కటే. ఎడిటర్ ఆ వాక్యం కింద గీత గీసి కథ తిప్పి పంపాడు. ఒక్క మాట కూడా రాయలేదు.

ఓ సాయంత్రం లోకల్‌లో తిరుశూలం స్టేషన్లో దిగు. ఎదురుగానే ఎయిర్‌పోర్ట్. సాగనంపడానికి వచ్చినవాళ్ల మధ్య కాసేపు నిలబడు. "దిగగానే ఫోన్ చెయ్యి" అనే మాట ఎన్నిసార్లు వినబడుతుందో చూడు. దుండగుడి నాలుగు పేజీల ఉపన్యాసం కొట్టేసి ఆ మాట పెట్టుకో.

ఇంకోటి. పక్క సీటు పెద్దావిడ ఒళ్లో పులిహోర డబ్బా పెట్టి మర్చిపోయావు. తుపాకీ కనబడ్డాక ఆవిడ ఆ డబ్బాను ఏం చేసిందో రాసి పంపు.