ఆ ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో వద్దు

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో ఒకమ్మాయి మీద లైంగిక దాడి జరిగింది. ‘ఆ వేళప్పుడు బయట ఏం పని?’ అని లెక్చరర్లు కూడా అంటున్నారు. ర్యాలీ తీయాలనుకుంటున్నాం. ఆమె ఫొటోతో ఫ్లెక్సీ, ‘ఎన్‌కౌంటర్ చేయాలి’ అంటూ ప్లకార్డులు తయారవుతున్నాయి. ఇంకేం చూసుకోవాలి?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు ఆ ఫ్లెక్సీ ఆపించండి. బాధితురాలు ఎవరో తెలిసేలా ఏదైనా అచ్చువేసినా, ప్రచారంలో పెట్టినా భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. పేరొక్కటి తీసేస్తే చాలదు. ‘సెకండియర్ బీకాం, ఫలానా హాస్టల్’ అని రాస్తే మీ ఊళ్లో పేరు రాసినట్టే. వాట్సాప్ పోస్టర్లు కూడా సరిచూడండి.

అసలు ర్యాలీ ఉండాలా అన్నది ఆమెనే అడగాలి. ఆమెకు నమ్మకమున్న ఒక్కరు వెళ్లి అడిగితే చాలు. ‘ఇప్పుడొద్దు’ అంటే ఆగండి. ఈలోగా చేయాల్సిన పని చాలా ఉంది. పోలీసులకు సమాచారం అందిన 24 గంటల్లో ఆమెను వైద్యపరీక్షకు పంపాలి. ఆనాటి బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టాలి; ప్లాస్టిక్ కవర్లో తేమ చేరి బూజు పడుతుంది, ఆధారం పాడవుతుంది. స్నానం చేసేసినా, ఆలస్యమైనా పరీక్షకు వెళ్లాల్సిందే. ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రి ఏదైనా ప్రథమ చికిత్స, వైద్యం ఉచితంగా చేయాలి.

ర్యాలీ అనుమతి దరఖాస్తులో తేదీ, మొదలయ్యే, ముగిసే సమయాలు, దారి, సుమారు ఎంతమంది వస్తారో, మైకు ఉందో లేదో, బాధ్యులిద్దరి ఫోన్ నంబర్లు రాయండి. నకలు మీద స్టేషన్ స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా ‘సరే’ అంటే నమ్ముకోవద్దు.

ఇక ఆ ఎన్‌కౌంటర్ ప్లకార్డు. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో దిశ ఘటన జరిగినప్పుడు జనం ఇదే అడిగారు. డిసెంబరు 6న నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అది నిజమైన ఎన్‌కౌంటర్ కాదని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఘటన జరిగిన రాత్రి బిడ్డ కనిపించడం లేదని స్టేషన్‌కు వెళ్లిన దిశ కుటుంబానికి ఎదురైంది ‘మా పరిధి కాదు’ అన్న మాట. ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. మన కోపం నిలదీయాల్సింది అక్కడ. కాబట్టి ప్లకార్డు మీద జవాబు చెప్పక తప్పనివి రాయండి: ఎఫ్ఐఆర్ ఏ రోజు కట్టారు? వైద్యపరీక్ష ఎప్పుడు జరిగింది? చార్జిషీటు ఎప్పుడు వేస్తారు? పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే; తీసుకోని అధికారికి న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి రెండేళ్ల శిక్ష. నిందితుడు కాలేజీవాడే అయితే కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. పోలీసు కేసు నడుస్తున్నా ఇది ఆగదు.

ప్రశ్న: ఎన్ని ఊరేగింపులు తీసినా కోర్టులో ఆమె గుణం గురించే అడుగుతారు కదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఒకప్పుడు చట్టమే అడగనిచ్చేది. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రిక్షా కార్మికుడి భార్యపై పోలీసులే అత్యాచారం చేశారు, వాళ్లు కొట్టిన దెబ్బలకు భర్త చనిపోయాడు. ఊరు అట్టుడికింది. విచారణ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కోర్టులో మాత్రం ఆమెను వ్యభిచారిగా చిత్రించారు. 1981లో కర్ణాటకలోని రాయచూరు కోర్టులో నిందితులంతా విడుదలయ్యారు.

మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ అమ్మాయిపై పోలీస్ స్టేషన్‌లో అత్యాచారం జరిగిందన్న కేసులో ఒంటి మీద గాయాల్లేవంటూ సుప్రీంకోర్టు 1978లో పోలీసుల్ని వదిలేసింది. 1979లో నలుగురు న్యాయ అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు, 1980లో మహిళలు వీధుల్లోకొచ్చారు. 1983లో చట్టం మారింది: కస్టడీలో అత్యాచారం జరిగి, ఆమె ‘నా ఇష్టం లేదు’ అంటే లేదనే కోర్టు భావించాలి. గుణం మీద నింద వేయనిచ్చే నిబంధన తీసేయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. గతంలో లైంగిక సంబంధాలున్నాయా అని చూసే రెండు వేళ్ల పరీక్ష చేసేవాళ్లు దుష్ప్రవర్తనకు పాల్పడ్డట్టేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయినా కొందరు లాయర్లు అడుగుతూనే ఉంటారు. అప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్ వెంటనే అభ్యంతరం చెప్పాలి, ఆమె గుణం లెక్కలోకి రాదని చెప్పే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) 48వ సెక్షన్ చూపాలి. ఆయన మౌనంగా ఉండిపోతారన్న భయముంటే, ప్రాసిక్యూషన్‌కు సాయంగా ఆమె సొంత లాయరును పెట్టుకోవచ్చు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. సాక్ష్యం తేదీకి ముందే దరఖాస్తు పెట్టండి.