ఆయన ఆయన కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉభయకుశలోపరి. నువ్వు పంపిన వ్యాసం అందింది. ఇరవై రెండు పేజీలు. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివాక కాఫీ పెట్టుకుని 1978 సినిమా మళ్ళీ చూశాను, కాబట్టి నీ రాతలో బలం లేదని అనలేను. రెండోసారి చదివాక మాత్రం ఎర్ర కలం తీశాను.

ముందు మీ గొడవ సంగతి. అంతరిక్షం నుంచి వచ్చిన కాయల్లో, నిద్రపోయిన మనిషికి అచ్చం అలాంటి నకలు పుట్టి అసలు మనిషి స్థానంలోకి వచ్చే కథ అది. దాన్ని నాలుగుసార్లు సినిమాగా తీశారు. 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్' అంటే 1956లో డాన్ సీగెల్ తీసిందేనని నీ స్నేహితుడు, 1978లో ఫిలిప్ కాఫ్‌మన్ తీసిందే అసలు సినిమా అని నువ్వు, తెల్లవారుజాము నాలుగింటి దాకా వాదించుకున్నారు. 1993లో ఏబెల్ ఫెరారా తీసినదాన్ని ఎవరూ పట్టించుకోరని మూడోవాడు అలిగాడు. 2007లో వచ్చిన నికోల్ కిడ్‌మన్ సినిమాను ముగ్గురూ కలిసి తిట్టి స్నేహం నిలబెట్టుకున్నారు. ఇదంతా వ్యాసంలో లేదు. వ్యాసంతోపాటు పెట్టిన ఉత్తరంలో ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఉత్తరమే హుషారుగా ఉంది.

వ్యాసం ఎలా మొదలైంది? "ప్రపంచ సినీ చరిత్రలో చిరస్థాయిగా నిలిచిపోయిన" అని. ఆ వాక్యం ఏ సినిమాకైనా అతుకుతుంది, కొట్టేయి. తర్వాత మార్కులు వేశావు. కెమెరాకు ఎనిమిది, సంగీతానికి ఏడు, భయానికి తొమ్మిదిన్నర. ఆ అరమార్కు ఎక్కడ పోయిందో నాకు అర్థం కాలేదు. పేపర్లు దిద్దే పని నేను ముప్పై ఏళ్ళు చేశాను, అందులో సాహిత్యం ఏమీ లేదు.

రీమేక్ అన్న మాట దగ్గర కూడా జారావు. మనకు రీమేక్ అంటే చాలాసార్లు భాష మారడం, హీరో మారడం, రెండు ఫైట్లు కలవడం. కథా, సీన్ల వరసా అలాగే ఉంటాయి. అందుకే పోల్చడం సులువు: అక్కడ బాగా ఏడ్చాడు, ఇక్కడ ఏడవలేదు. వీటిని అలా పోల్చలేం. జాక్ ఫిన్నీ 1954లో కాలియర్స్ పత్రికలో సీరియల్‌గా రాసిన కథే నలుగురికీ విత్తనం. సీగెల్ దాన్ని శాంటా మీరా అనే చిన్న ఊళ్ళో నాటాడు. అందరికీ అందరూ తెలిసిన ఊరు, కథ చెప్పేది ఊరి డాక్టరు. కాఫ్‌మన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నాటాడు. అక్కడ పక్కింటివాడు మారిపోయినా తెలియదు, ఎందుకంటే మారక ముందు కూడా తెలియదు. ఫెరారా అలబామాలోని సైనిక స్థావరానికి పట్టుకెళ్ళాడు. అక్కడ ఒకే బట్ట, ఒకే నడక, ఒకే జవాబు. అసలు మనిషెవరో నకలు మనిషెవరో దేన్నిబట్టి చెబుతావు? ఊరు మారితే భయం మారింది. దీనికి నీ పట్టికలో గడి లేదు.

నీ ఇరవై రెండు పేజీల్లోనూ నేను వెతికి దొరక్క నిరాశపడ్డ మాట ఒకటుంది. నాలుగు సినిమాల్లోనూ ఉన్న మాట. 1956లో విల్మా అనే ఆవిడ డాక్టరుతో అంటుంది, ఆయన మా బాబాయి కాదు అని. (ఇంగ్లీషు అంకుల్ మన ఇళ్ళలో ఎవరవుతాడో తేల్చడం కష్టం. నేను బాబాయినే చేసుకున్నాను.) ఆ బాబాయి ఎదురుగానే పచ్చిక కోసుకుంటున్నాడు. ముఖం అదే, గొంతు అదే, పాత సంగతులు అడిగితే అన్నీ చెబుతున్నాడు. కానీ తనతో మాట్లాడేటప్పుడు కళ్ళలో ఒక చూపు ఉండేది, అది లేదు. అంతే ఆమె ఫిర్యాదు. దాన్ని ఏ పోలీస్ స్టేషన్లో రాసుకుంటారు? అదే సినిమాలో ఒక పిల్లాడు అమ్మ అమ్మ కాదని రోడ్డు మీద పరిగెడతాడు.

1978లో ఎలిజబెత్ ఈ మాట తనతో కలిసి ఉంటున్న మనిషి గురించి అంటుంది. నిన్నటిదాకా చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టీవీలో బాస్కెట్‌బాల్ చూసినవాడు, పొద్దున్నే సూటు వేసుకుని, కింద పడ్డ గాజుముక్కలు ఊడ్చి, చెత్తబండి దాకా వెళ్ళి వస్తాడు. మన ఇళ్ళలో అయితే మొగుడు బాగుపడ్డాడని ముడుపు చెల్లిస్తారు. ఆమె మాత్రం వణికిపోతుంది. 1993లో చిన్న కొడుకు తల్లి గురించి అంటాడు. 2007లో ఒక భార్య, డాక్టరుగా వేసిన నికోల్ కిడ్‌మన్ ముందు కూర్చుని, నా భర్త నా భర్త కాదంటుంది. ఆ భార్య వేషం వేసింది వెరోనికా కార్ట్‌రైట్. 1978 సినిమాలో చివరిదాకా మారకుండా మిగిలిన నాన్సీ ఆవిడే. నీ వ్యాసంలో ఆవిడ పేరు నటీనటుల జాబితాలో ఉంది, ఈ సంగతి లేదు.

ఈ మాట విన్న డాక్టర్లు ఏమంటారో కూడా చూడు. మనసు బాగాలేదు, అలసిపోయావు, పడుకో. 1956లో అదే సలహా, 1978లో లియొనార్డ్ నిమోయ్ వేసిన సైకియాట్రిస్టు నోట ఇంకా తియ్యగా అదే సలహా. పడుకుంటేనే కదా ప్రాణం పోయేది! పైగా వైద్యంలో నిజంగానే ఇలాంటి భ్రమ ఉంది. దగ్గరివాళ్ళ స్థానంలో వాళ్ళలాగే ఉన్న వేరేవాళ్ళు వచ్చారని రోగి నమ్ముతాడు. 1923లో దాన్ని వివరించిన ఫ్రెంచ్ డాక్టరు కాప్‌గ్రా పేరే దానికి పెట్టారు. అంటే ఆ డాక్టర్లు మూర్ఖులేం కాదు. చదువుకున్నదే చెబుతున్నారు, కాకపోతే ఈసారి రోగి మాటే నిజం. నేనైతే వ్యాసమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిప్పుతాను. ఎవరు, ఎవరి గురించి, ఎవరితో అన్నారు, విన్నవాళ్ళు ఏం చేశారు. ఏది గొప్ప సినిమానో నువ్వు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఇక కాఫ్‌మన్ సినిమా గురించి నువ్వు రాసిన ఆరు పేజీలు. "దృశ్యాలు ఒళ్ళు గగుర్పొడిచేలా ఉన్నాయి" అని ఐదుసార్లు రాశావు. ఒళ్ళు నీది, గగుర్పాటు నీది. నాకు దృశ్యం ఇవ్వు. ఇందులో హీరో డొనాల్డ్ సదర్లాండ్. అతని ఉద్యోగమేంటి? ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు. పెద్ద హోటల్ వంటగదిలోకి వెళ్ళి గిన్నెలోంచి నల్లటిదేదో తీస్తాడు. అది కేపర్ అంటాడు హోటలాయన, వంటల్లో వేసే మొగ్గ. కాదు, ఎలుక పెంట అంటాడు ఇతను. కేపరే అయితే తినండి మరి! ఒకేలా కనిపించే రెండింటిలో ఏది ఏదో తేల్చడమే వృత్తిగా ఉన్న మనిషి చివరికి ఏమయ్యాడు అన్నదే సినిమా. బయటికొచ్చేసరికి కోపం కొద్దీ వాళ్ళు అతని కారు అద్దం పగలగొట్టి ఉంటారు. ఆ తర్వాత ఊరిని మనం ఆ పగుళ్ళలోంచే చూస్తాం. వీధుల్లో చెత్తబండ్లు తిరుగుతూ ఉంటాయి, వాటిలో బూడిదరంగు దూది లాంటిది పడుతూ ఉంటుంది. అదేమిటో ఎవరూ చెప్పరు. రెండోసారి చూసినప్పుడు తెలుస్తుంది, అవి అసలు మనుషుల్లో మిగిలినవని. మీ ముగ్గురిలో ఈ చెత్తబండ్లను గమనించింది ఎవరో నాకు తెలుసుకోవాలనుంది.

దూది అన్నాను కనుక భాష గురించి ఒక మాట. వ్యాసంలో నలభై చోట్ల "పాడ్" అని రాశావు. కాయ అను. మనిషంత కాయ. మాగిన బూరుగుకాయ పగలడం చూశావు కదా, చీలిక పడి లోపల ఉన్నది బయటికి పొంగుతుంది. 1956లో గాజు గదిలో కాయలు చిట్లి నురగ కక్కుతూ, ఆ నురగలో మనిషి ముఖం తేలే సీను చదివేవాడికి కనపడాలంటే నీ చేతిలో ఉన్న మాట అదే. అలాగే పేరును "దేహచోరులు" అని అనువదించావు. ఇంగ్లీషులో ఆ మాట వైద్య కళాశాలలకు అమ్మడానికి సమాధుల్లోంచి శవాలు ఎత్తుకుపోయిన దొంగల్ని గుర్తుచేస్తుంది. మనకు ఆ గుర్తు లేదు. అదీకాక ఈ కథలో దేహాన్ని ఎవరూ ఎత్తుకుపోరు, కొత్తది మొలుస్తుంది, పాతది బూడిదవుతుంది. పేరును ఇంగ్లీషులోనే ఉంచు, తెలుగు చెయ్యాలన్న టెన్షన్ వద్దు.

తర్వాత, కమ్యూనిజం గొడవ. 1956 సినిమా కమ్యూనిస్టుల మీద భయమని ఒక వర్గం, కాదు, కమ్యూనిస్టుల పేరు చెప్పి అందరినీ వేటాడిన సెనేటర్ మెకార్థీ రోజుల మీద కోపమని ఇంకో వర్గం. డాక్టరు వేషం వేసిన నటుడి పేరు కూడా మెకార్థీయే, కెవిన్ మెకార్థీ. సెనేటర్‌కి చుట్టం కాదు. ఫిన్నీని అడిగితే తను రాసింది కథే, ఇంకేమీ లేదన్నాడు. నువ్వు రెండు వర్గాల్లో ఒకదానివైపు దూకి, రెండోదాన్ని "అమాయకులు" అన్నావు. ఎందుకంత తొందర? రెండు వైపులవాళ్ళూ ఒకే సీను చూసి ఎదుటివాళ్ళనే కాయలో పుట్టినవాళ్ళుగా చూడగలిగారు. ఆ విచిత్రం గురించి ఒక పేరా రాస్తే నీ తీర్పు కన్నా పదిరెట్లు బాగుంటుంది.

ఆ సినిమా ముగింపు మీద మాత్రం నాకు నీ స్నేహితుడితో పేచీ ఉంది. సీగెల్ ఉద్దేశంలో సినిమా హైవే మీద ఆగాలి. డాక్టరు కార్ల మధ్య పిచ్చివాడిలా పరిగెడుతూ, నేరుగా మనవైపు తిరిగి, తర్వాత మీరే అని అరవడంతో. స్టూడియోవాళ్ళు ఒప్పుకోలేదు. ముందొక ఆసుపత్రి సీను, వెనకొక ఆసుపత్రి సీను పెట్టించారు. చివర్లో ఒక లారీ ప్రమాదంలో కాయలు బయటపడ్డాయని కబురొస్తుంది, ఎఫ్‌బీఐకి ఫోన్ వెళుతుంది, డాక్టరు గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంటాడు. ఆ అతుకు సినిమాను చంపిందని నీ స్నేహితుడి మాట. నేనూ కొన్నేళ్ళు అలాగే అనేవాణ్ణి. నా కథ ఒకటి వారపత్రికకు పంపితే చివర్లో ఇంటికి రాని కొడుకు అచ్చులో వచ్చేసరికి తలుపు కొడుతున్నాడు. వారం రోజులు అన్నం సహించలేదు. కానీ పాఠకుల ఉత్తరాలు నా కథల్లో దానికే ఎక్కువ వచ్చాయి, వాటిలో సగం మంది ఆ కొడుకు నిజంగా వచ్చాడా, తల్లి కలగందా అని అడిగారు. హైవే సీను కూడా అలాంటిదే. ఎంత అతికినా జనానికి గుర్తున్నది ఆ అరుపే. 1978లో అదే కెవిన్ మెకార్థీ సదర్లాండ్ కారు మీద పడి మళ్ళీ అవే కేకలు వేస్తాడు, ఇరవై రెండేళ్ళుగా పరిగెడుతూనే ఉన్నట్టు. సీగెల్ టాక్సీ డ్రైవరుగా కనిపిస్తాడు, అప్పటికే మారినవాడుగా! కాఫ్‌మన్ పాతదాన్ని ఎంత ప్రేమించాడో చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? నీ స్నేహితుడికి ఇది చెప్పు, సగం చల్లబడతాడు.

అన్నట్టు, 1978 చివరి షాట్‌ను మొదటి పేరాలోనే చెప్పేశావు. సదర్లాండ్ వేలు చూపించి నోరు తెరవడం, ఆ అరుపు, అందులో సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ కలిపిన పందుల కీచు, అన్నీ. స్పాయిలర్ అని నేను గొడవ చెయ్యను, సినిమా నాకన్నా కాస్తే చిన్నది. కానీ నాన్సీ ఎవరో తెలియకుండా ఆ వేలు ఎవరివైపు చూపించాడో తెలిసి పాఠకుడికి ఏం లాభం?

డాక్టరు ప్రియురాలు బెకీ సంగతి నీ స్నేహితుడు దాచిపెడుతున్నాడు, నువ్వు ఎగతాళి చేస్తున్నావు. 1956లో ఆమె గనిలో కాసేపు కునుకు తీస్తుంది. పక్కన కాయ లేదు, కొత్త శరీరం లేదు, అయినా మారిపోతుంది. సినిమా తన నియమం తానే తప్పింది. ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక ఆ సీను మళ్ళీ చూడు. డాక్టరు ఆమెను ముద్దుపెట్టుకుని వెనక్కి జరుగుతాడు. తెర నిండా ఆమె ముఖం, తెరిచిన కళ్ళు. తప్పుల్లేని సినిమాలు చాలా చూశాను, ఆ కళ్ళు వాటిలో లేవు.

కళ్ళు అనగానే నాకు దమయంతి గుర్తొచ్చింది. స్వయంవరంలో నలుడి రూపంలో నలుగురు దేవతలు కూర్చుంటే, రెప్ప వెయ్యని కళ్ళు, చెమట పట్టని ఒళ్ళు, వాడని దండ, నేల తాకని పాదం చూసి దేవతలెవరో తెలుసుకుని, మిగిలినవాడి మెడలో దండ వేసింది. రెప్ప వేసేవాడు, చెమట పట్టినవాడు, దండ వాడినవాడు తనవాడు. నీకు నచ్చితే ఒక్క వాక్యంలో వాడుకో. "మన పురాణాల్లో ఇదంతా ముందే ఉంది" అని మాత్రం రాశావో, ఇక నాకు ఏమీ పంపకు.

2007 సినిమాను రెండు పేజీలు తిట్టావు. సగానికి కోసెయ్యి. కాయల్ని తీసేసి, కూలిన స్పేస్ షటిల్‌తో వచ్చిన అంటువ్యాధి చేశారు. జబ్బుకు మందుంటుంది కాబట్టి భయమూ నయమైపోయింది. దర్శకుడు హిర్ష్‌బీగెల్ తీశాక వేరేవాళ్ళతో మళ్ళీ కొన్ని సీన్లు తీయించారు, ఆ అతుకులు కనిపిస్తాయి. అందులోనూ ఒక మంచి ఊహ ఉంది: మనుషులు మారిపోతున్నకొద్దీ టీవీలో యుద్ధాలు ఆగిపోతున్న వార్తలు వస్తుంటాయి. అందరూ నయమయ్యాక యుద్ధాలూ తిరిగొస్తాయి. తిట్టేవాడికి ఇది కనపడాలి. ఫెరారా సినిమాకు నువ్వు ఇచ్చింది అరపేజీ. కిండర్‌గార్టెన్‌లో పిల్లలంతా తాము వేసిన బొమ్మలు ఎత్తి చూపిస్తారు, అన్నీ ఒకే బొమ్మ, ఒక్కడిది తప్ప. నాలుగు సినిమాల్లో నాకు నిద్ర చెడగొట్టింది అదే. మీ మూడోవాడికి నా తరఫున చెప్పు.

చివరిగా నీ ఉత్తరం వెనకవైపు, మార్జిన్లో, పెన్సిల్‌తో రాసింది. రాత్రి రెండింటికి సినిమా అయ్యాక మీ అమ్మగారు మంచినీళ్ళ చెంబుతో గదిలోకి వస్తే, ఒక్క క్షణం ఆవిడ ముఖం వైపు అనుమానంగా చూశానని రాశావు. అంత మంచి వాక్యాన్ని మార్జిన్లోకి తోసి, "చిరస్థాయిగా నిలిచిపోయిన" అన్నదాన్ని పైన కూర్చోబెట్టావు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి. పదకొండు పేజీలు చాలు. ఆవిడ నీ చూపు గమనించిందా? గమనిస్తే ఏమంది? అది రాయలేదు నువ్వు. నాకు అది తెలియాలి.

ఆశీస్సులతో.